ఇంగ్లిష్ మాట చివరి ‘ఇ-డి’: ఎక్కడ పెట్టాలి, ఎలా రాయాలి, ఎలా పలకాలి?

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం బ్యాచ్‌లకు ఇంగ్లిష్ చెబుతుంటాను. డిగ్రీ పూర్తయి ఇంటర్వ్యూలకు తయారవుతున్న పిల్లలే ఎక్కువ. బెజవాడ నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లూ ఉంటారు. అందరి ప్రశ్నలూ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తాయి: “సార్, ఇ-డి ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు? వాకెడ్ అనాలా, వాక్డ్ అనాలా, వాక్ట్ అనాలా?”

ముందు ఒక్క అలవాటు చేసుకోండి. ఇ-డిని చూడకండి, దాని ముందు ఏముందో చూడండి. వాక్యంలో ముందున్న మాటను బట్టి ఇ-డి ఉండాలా వద్దా అన్నది తేలుతుంది. ముందున్న అక్షరాన్ని బట్టి స్పెల్లింగ్ తేలుతుంది. ముందున్న శబ్దాన్ని బట్టి ఉచ్చారణ తేలుతుంది. మనం కూడా ఇదే వరసలో వెళ్దాం. వరస మార్చి ఉచ్చారణతో మొదలుపెడితే, అసలు అక్కర్లేని చోట ఇ-డిని అందంగా పలకడం అలవాటవుతుంది.

## 1. మొదలుపెట్టే ముందు

పెద్ద పుస్తకాలేమీ అక్కర్లేదు. ఇవి దగ్గర పెట్టుకోండి:

- ఒక నోట్‌బుక్, పెన్ను
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్
- ఏ గ్రామర్ పుస్తకంలోనైనా ఉండే క్రియల మూడు రూపాల పట్టిక
- మీ గురించి మీరే రాసుకున్న పది వాక్యాలు: ఎక్కడ చదివారు, ఎప్పుడు పూర్తయింది, ఎక్కడ పనిచేశారు, ఏం నేర్చుకున్నారు

చివరిది తప్పనిసరి. ఎవరో రాసిన వాక్యాల మీద ఎంత ప్రాక్టీస్ చేసినా ఇంటర్వ్యూ గదిలో టెన్షన్ రాగానే పాత అలవాటే బయటికొస్తుంది. రేపు మీరు నిజంగా చెప్పబోయే వాక్యాలనే ఇప్పుడు దిద్దుకోవాలి.

## 2. ఇ-డి చేసే పనులు గుర్తుపట్టండి

జరిగిపోయిన పని. “ఐ జాయిన్డ్ ఎ బ్యాంక్ ఇన్ 2022.” ఎప్పుడు జరిగిందో తెలుసు, అది ముగిసిపోయింది. ఇది అందరికీ తెలిసిన వాడుకే.

హ్యావ్, హ్యాజ్, హ్యాడ్‌లతో. “ఐ హ్యావ్ ఫినిష్డ్ ద వర్క్.” పని అయింది, దాని ఫలితం ఇప్పుడు మీ చేతిలో ఉంది.

ఎవరు చేశారన్నది ముఖ్యం కానప్పుడు. 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్న సంగతి మనందరికీ గుర్తుంది. ఆ వార్తను ఇంగ్లిష్‌లో రాస్తే “ద గేట్స్ వర్ డ్యామేజ్డ్”, తర్వాత “దే వర్ రిపేర్డ్” అంటారు. దెబ్బ తిన్నది గేట్లు, బాగుపడ్డదీ గేట్లే. వాక్యం వాటితోనే మొదలైంది కాబట్టి ‘వర్’ వచ్చింది.

విశేషణంగా. తెలుగులో ‘ఉడికించిన గుడ్డు’, ‘ఎండబెట్టిన మిర్చి’, ‘వాడిన బండి’ అంటాం కదా. ఆ ‘ఇన’ చేసే పనే ఇక్కడ ఇ-డి చేస్తుంది: బాయిల్డ్ ఎగ్, డ్రైడ్ చిల్లీ, యూజ్డ్ బైక్. హోటల్ మెనూ మీద ‘బాయిల్ ఎగ్’ అని రాస్తే ‘ఉడికించు గుడ్డు’ అన్నట్టే ఉంటుంది.

క్రియలకే కాదు, నామవాచకాలకూ ఇది అతుకుతుంది. అప్పుడు ‘అది ఉన్న’ అని అర్థం. టాలెంట్ ఉన్న మనిషి టాలెంటెడ్. గడ్డం ఉన్న మనిషి బియర్డెడ్. మూడు కాళ్ల స్టూలు త్రీ-లెగ్డ్ స్టూల్.

ఒక జాగ్రత్త. కొట్టు మూసి ఉంటే బోర్డు మీద ‘క్లోజ్డ్’ అని ఉండాలి. తెరిచి ఉంటే ‘ఓపెన్’ అంటే చాలు, ‘ఓపెన్డ్’ కాదు. ‘ఓపెన్’ అన్న మాటకు ‘తెరిచి ఉన్న’ అన్న అర్థం ముందే ఉంది. ‘ద షాప్ ఓపెన్డ్ ఎట్ టెన్’ అంటే పదింటికి తెరిచారని, అది జరిగిన పని.

## 3. ఎడమ పక్క మాట చూడండి

ఎక్కువ మంది మార్కులు, ఉద్యోగాలు పోగొట్టుకునేది ఇక్కడే. క్రియకు ఎడమ పక్కన అన్నిటికన్నా దగ్గరగా ఉన్న సహాయక క్రియను (డిడ్, హ్యావ్ లాంటి హెల్పింగ్ వర్బ్‌ను) లేదా టుని వేలు పెట్టి చూపించండి. అది ఏదైతే దాన్ని బట్టి ఇలా చేయండి:

- డిడ్, డిడ్‌న్ట్ ఉంటే ఇ-డి తీసేయాలి. “డిడ్ యు ఫినిష్?”, “ఐ డిడ్‌న్ట్ కాల్.” గతాన్ని డిడ్ ముందే చెప్పేసింది.
- కెన్, కుడ్, విల్, వుడ్, షుడ్, మస్ట్, మే ఉంటే తీసేయాలి. “ఐ కుడ్ ఫినిష్ ఇట్.”
- టు అంటే ‘చేయడానికి’ అన్న అర్థం ఉంటే తీసేయాలి. “ఐ వెంట్ టు విజయవాడ టు అటెండ్ ఎన్ ఇంటర్వ్యూ.” ఇక్కడ ‘టు అటెండెడ్’ అనేవాళ్లు చాలామంది.
- హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ ఉంటే పెట్టాలి.
- యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ ఉంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. దీని సంగతి కింద చెబుతాను.
- ఏదీ లేకపోతే, పని జరిగిపోయింది అనుకుంటే పెట్టాలి.

దగ్గరగా ఉన్నదాన్ని చూడమన్నది ఎందుకంటే, ‘ఐ షుడ్ హ్యావ్ కాల్డ్’లో షుడ్ ఉన్నా క్రియకు దగ్గరగా ఉన్నది హ్యావ్, అందుకే ఇ-డి వచ్చింది. ప్రశ్నల్లో సహాయక క్రియ వాక్యం మొదటికి వెళ్లిపోతుంది, కాబట్టి ప్రశ్న అడిగేటప్పుడు మొదటి మాటను మనసులో పట్టుకొని క్రియ దాకా రావాలి.

### ‘ఐయామ్ కంప్లీటెడ్ మై డిగ్రీ’

మాక్ ఇంటర్వ్యూ పెడితే ఈ వాక్యం వినపడని రోజు ఉండదు. మొన్న తెనాలి అమ్మాయి ఒకామె, అకౌంట్స్‌లో మంచి పట్టున్న పిల్ల, కూర్చోగానే “ఐయామ్ కంప్లీటెడ్ మై బి.కామ్ ఇన్ 2023” అంది. అదే ధోరణిలో “ఐ వాజ్ జాయిన్డ్”, “ఐయామ్ వర్క్డ్” కూడా వచ్చాయి.

చిన్నప్పటి నుంచి ‘నేను’ అనగానే ‘ఐయామ్’ అని రెండు మాటలూ కలిపి బట్టీ పట్టాం. నోట్లో అవి ఒకే మాటగా అతుక్కుపోయాయి. విడదీయడానికి ఇలా చేయించాను: ‘ఐ’ అనాలి, పెదాలు మూయకుండా ఆగాలి, తర్వాత క్రియ చెప్పాలి. ‘యామ్’ అనాలంటే పెదాలు కలవాలి కదా. కలవనివ్వకపోతే ఆ మాట రాదు. “ఐ... కంప్లీటెడ్. ఐ... జాయిన్డ్. ఐ... వర్క్డ్.” క్లాసు ముగిసేసరికి ఆ అమ్మాయి నోట ‘యామ్’ పోయింది.

యామ్, ఈజ్, వాజ్‌ల దగ్గర వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఆ పని నేను చేశానా, నా మీద జరిగిందా, లేక నా స్థితి చెబుతున్నానా?

- నేను చేశాను: యామ్, వాజ్ వద్దు. “ఐ కంప్లీటెడ్.”
- నా మీద జరిగింది: వాజ్ ఉండాలి. “ఐ వాజ్ సెలెక్టెడ్.” నన్ను వాళ్లు ఎంపిక చేశారు.
- నా స్థితి: యామ్ ఉండాలి. “ఐయామ్ మ్యారీడ్, ఐయామ్ ఇంట్రస్టెడ్, ఐయామ్ టైర్డ్.”

సంవత్సరం చెప్పేటప్పుడు హ్యావ్ కూడా వద్దు. “ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2023” సరైనది. సంవత్సరం చెప్పకపోతే “ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ” బాగుంటుంది. రెండూ కలిపి “ఐ హ్యావ్ కంప్లీటెడ్ ఇన్ 2023” అనకండి.

### బోర్డ్, బోరింగ్

క్లాసులో మీకు బోర్ కొడితే “ఐయామ్ బోర్డ్.” “ఐయామ్ బోరింగ్” అంటే మీ వల్ల ఎదుటివాళ్లకు బోర్ కొడుతోందని. అనుభవించేవాళ్లకు ఇ-డి, అనుభవం కలిగించేదానికి ఐ-ఎన్-జి. ఎక్సైటెడ్, ఎక్సైటింగ్, కన్‌ఫ్యూజ్డ్, కన్‌ఫ్యూజింగ్ కూడా అంతే.

### యూజ్డ్ టు

“ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ తెనాలి” అంటే ‘తెనాలిలో ఉండేవాణ్ణి’ అని. ఇప్పుడు లేను అన్నది అందులోనే ఉంది. రోజూ చేసే పనికి దీన్ని వాడకూడదు. ‘రోజూ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తాను’ అనడానికి ‘ఐ గో ఫర్ ఎ వాక్’ చాలు. “ఐయామ్ యూజ్డ్ టు ద హీట్” వేరే సంగతి: ఎండ నాకు అలవాటే అని. మే నెల బెజవాడలో పనికొచ్చే వాక్యం.

## 4. అసలు ఇ-డి తీసుకోని క్రియలు

గో, కమ్, టీచ్, బై, రైట్ లాంటివి తమ సొంత రూపాలు మార్చుకుంటాయని తెలిసిందే. అసలు మారని వాటితోనే చిక్కు. కట్, పుట్, హిట్, షట్, హర్ట్, కాస్ట్, లెట్: నిన్నైనా ఇవాళైనా ఇవే. ‘కట్టెడ్’, ‘పుట్టెడ్’ అనే మాటలు రాయకండి. “ఇట్ కాస్ట్ మీ 500 రుపీస్ యెస్టర్‌డే” అన్నది సరైన వాక్యమే.

పట్టిక మొత్తం ఒకేసారి బట్టీ పట్టొద్దు. మీ పది వాక్యాల్లో ఉన్న క్రియలను మాత్రం పట్టికలో వెతికి పక్కన రాసుకోండి.

## 5. స్పెల్లింగ్: చివరి అక్షరాన్ని చూసి నిర్ణయించండి

ఈ వరసలో అడుగుతూ వెళ్లండి. ఎక్కడ ‘అవును’ వస్తే అక్కడ ఆగండి.

1. చివర ఇ ఉందా? డి ఒక్కటే చేర్చండి. మ్యానేజ్, అరైవ్, లివ్ ఇలాంటివి.
2. చివర వై, దాని ముందు హల్లు ఉందా? వై తీసి ఐ-ఇ-డి. స్టడీ, అప్లై, క్యారీ.
3. చివర వై, దాని ముందు అచ్చు ఉందా? వై అలాగే ఉంచి ఇ-డి. ప్లే, స్టే, ఎంజాయ్. పే, సే, లే మాత్రం ఎ-ఐ-డితో ముగుస్తాయి.
4. చివర సి ఉందా? కె చేర్చి ఇ-డి. ప్యానిక్ అలాంటిది.
5. ఒకే అక్షరాంశం (సిలబుల్) ఉన్న మాటలో ఒక అచ్చు అక్షరం, దాని తర్వాత ఒకే హల్లు ఉందా? హల్లును రెట్టించండి. స్టాప్‌లో రెండు పి-లు, ప్లాన్‌లో రెండు ఎన్-లు. హెల్ప్‌లో చివర రెండు హల్లులున్నాయి, వెయిట్‌లో రెండు అచ్చులున్నాయి, వాటిని రెట్టించరు. డబ్ల్యు, ఎక్స్‌లను ఎప్పుడూ రెట్టించరు.
6. రెండు మూడు అక్షరాంశాల మాటా? ఒత్తు (స్ట్రెస్, అంటే మాటలో గట్టిగా పలికే చోటు) ఎక్కడ పడుతుందో వినండి. ఒక అచ్చు, ఒక హల్లుతో ముగిసి, ఒత్తు చివర పడితేనే రెట్టింపు: ప్రిఫర్, అడ్మిట్, అకర్. ఒత్తు ముందే పడితే వద్దు: విజిట్, ఆఫర్, హ్యాపెన్.
7. ఇవేవీ కాకపోతే నేరుగా ఇ-డి.

రెజ్యూమెల్లో ఎక్కువగా తప్పు పడేది డెవలప్. దీనికి చివర ఇ లేదు, పి రెండుసార్లు రాదు. పి తర్వాత ఇ-డి పెడితే సరిపోతుంది.

ట్రావెల్, క్యాన్సిల్ మాటలకు బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్-లు, అమెరికన్ పద్ధతిలో ఒకటే. మన స్కూళ్లలో బ్రిటిష్ పద్ధతే నేర్పుతారు. ఏది ఎంచుకున్నా ఒక కాగితం మీద ఒకే పద్ధతి పాటించండి.

## 6. ఉచ్చారణ: పరుషాలు, సరళాలు గుర్తు తెచ్చుకోండి

ఇ-డిని మూడు రకాలుగా పలుకుతారు: ట్, డ్, ఇడ్. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్ల కంటే తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇది తొందరగా పట్టుబడుతుంది. సంధులు చదివేటప్పుడు క, చ, ట, త, ప పరుషాలు, గ, జ, డ, ద, బ సరళాలు అని నేర్చుకున్నాం. ఇక్కడ కావాల్సింది అదే.

పరుషం తర్వాత ట్. క, చ, ప శబ్దాలతో పాటు గాలి మాత్రమే వచ్చే స, ష, ఫ శబ్దాల తర్వాత కూడా. వర్క్ట్, వాక్ట్, హెల్ప్ట్, డెవలప్ట్, వాచ్ట్, ఫినిష్ట్, పాస్ట్, లాఫ్ట్. పైన మనందరికీ అలవాటైన ‘వర్క్డ్’, ‘ఫినిష్డ్’ అనే రాశాను. పలికేటప్పుడు వాటి చివర డ్ ఉండదు.

సరళాలు, మిగతా హల్లులు, అచ్చుల తర్వాత డ్. జాయిన్డ్, కాల్డ్, మ్యానేజ్డ్, ప్లేడ్, లివ్డ్, క్లెయిమ్డ్, రాబ్డ్.

ట, డ తర్వాత మాత్రమే ఇడ్. వాంటిడ్, అటెండిడ్, కంప్లీటిడ్, నీడిడ్. ఇక్కడే ఒక అక్షరాంశం పెరుగుతుంది. పేపర్లలో ‘ఎడ్’ అని రాస్తారు కాబట్టి గట్టిగా ‘టెడ్’ అని సాగదీయకండి, పొట్టిగా ముగించండి.

అనుమానం వస్తే గొంతు మీద రెండు వేళ్లు పెట్టి క్రియ చివరి శబ్దాన్ని మాత్రమే సాగదీయండి. ‘పాస్’లో చివరి ‘స్స్స్’ అంటే వేళ్లకు ఏమీ తగలదు, కాబట్టి ట్. ‘క్లోజ్’లో చివరి శబ్దాన్ని సాగదీస్తే గొంతు అదురుతుంది, కాబట్టి డ్.

స్పెల్లింగ్‌ను నమ్మకండి, చెవిని నమ్మండి. లాఫ్ చివర జి-హెచ్ ఉన్నా వినపడేది ఫ. బేస్, క్లోజ్ రెండూ ఎస్-ఇతో ముగుస్తాయి. కానీ మొదటిదానిలో స వినపడుతుంది, అందుకే ‘హైదరాబాద్ బేస్ట్ కంపెనీ’ అనాలి. రెండోదానిలో అదిరే శబ్దం వినపడుతుంది, కాబట్టి క్లోజ్డ్. యూజ్డ్ టు మాత్రం ప్రత్యేకం: ‘ఉండేవాణ్ణి’, ‘అలవాటు’ అన్న అర్థాల్లో ‘యూస్టు’ అని ఒకే మాటలా పలుకుతారు. ‘యూజ్డ్ బైక్’లో డ్ ఉంటుంది.

### మన నోటి ఇబ్బందులు, వాటి మందు

‘వర్కెడ్’, ‘ఆస్కెడ్’, ‘స్టాపెడ్’. లేని అచ్చును మధ్యలో దూరుస్తున్నాం. ‘వర్క్’ అని ఆగండి. విడిగా ‘ట్’ అనండి. ఆ రెంటి మధ్య ఖాళీని కొద్దికొద్దిగా తగ్గిస్తూ రండి.

‘వర్కుడు’, ‘జాయిన్డు’. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే చివర ఉకారం దానంతటదే వస్తుంది. ట్ దగ్గర నాలుకను పైన ఆనించి అక్కడే ఆపేయండి, కిందికి వదలకండి.

చివరిది మింగేయడం. ‘యెస్టర్‌డే ఐ వర్క్’ అని వినపడుతుంది. ఇది ఎక్కువగా హడావుడిలో జరుగుతుంది. దీనికి మందు తర్వాతి మెట్టులో ఉంది.

## 7. పక్క మాటతో కలపండి

తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ఇ-డి శబ్దం దానికి అతుకుతుంది. మన సంధుల్లో హల్లు మీద అచ్చు వచ్చి చేరినట్టే:

- వర్క్ట్ + ఇన్: ‘వర్క్‌టిన్’
- జాయిన్డ్ + ఎ: ‘జాయిన్‌డె’
- పిక్ట్ + ఇట్ + అప్: ‘పిక్‌టిటప్’

ఇలా కలిపితే పైన చెప్పిన ఉకారం సమస్య, మింగేసే సమస్య రెండూ పోతాయి. ఇక్కడ మన నోటికి కష్టం లేదు, ఎందుకంటే మాట అచ్చుతోనే సాగుతోంది. కాబట్టి మీ పది వాక్యాల్లో ఇన్, ఎట్, ఎ, ఆన్, ఇట్ ముందు వచ్చే ఇ-డి మాటలను ముందుగా ప్రాక్టీస్ చేయండి.

తర్వాతి మాట ‘టు’ అయితే రెండు ట-లు పలకక్కర్లేదు: ‘వాక్‌ట్టు’ అని ఒక్క క్షణం నిలిపి వదిలితే చాలు. ‘ఆస్క్ట్’లో క శబ్దాన్ని ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా తరచూ వదిలేస్తారు, మీరు ‘ఆస్ట్’ అన్నా ఫర్వాలేదు.

## 8. నియమం తప్పే కొన్ని విశేషణాలు

ట, డ లేకపోయినా ఇడ్ పలికే పాత మాటలు కొన్ని ఉన్నాయి: వికిడ్, నేకిడ్, రగిడ్, క్రుకిడ్, సేక్రిడ్, రెచిడ్. పండితుడు అన్న అర్థంలో లర్నిడ్, ‘నేర్చుకున్నాను’ అనడానికి లర్న్డ్. ముసలివాళ్లు అన్న అర్థంలో ‘ఏజిడ్ పీపుల్’, వయసు చెప్పడానికి ‘ఏజ్డ్ సిక్స్‌టీ’. అలాగే సపోజిడ్లీ, అలెజిడ్లీ. ఇవి ఎదురైనప్పుడు నేర్చుకుంటే చాలు.

## 9. రోజూ చేయాల్సిన ప్రాక్టీస్

- మీ వాక్యాల్లో ఒక్కో క్రియ కింద గీత గీయండి, దగ్గరున్న సహాయక క్రియకు సున్నా చుట్టండి.
- మూడో మెట్టు ప్రకారం ఇ-డి ఉంచాలో తీసేయాలో తేల్చండి.
- మిగిలిన ప్రతి ఇ-డి మీద ట్, డ్, ఇడ్‌లలో ఏదో ఒకటి రాయండి.
- చదివి రికార్డ్ చేయండి. మర్నాడు వినండి, వెంటనే వింటే తప్పు పట్టుకోవడం కష్టం.
- కాగితం చూడకుండా ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో చెప్పండి.

ఇక ఈ పేరా తీసుకోండి. క్రియలన్నీ మామూలు రూపంలోనే ఉంచాను, మీరు సరిచేసి రాయండి, పైకి చదవండి:

“ఐ వర్క్ ఇన్ ఎ షాప్ ఆన్ బీసెంట్ రోడ్ అంటిల్ 2023. ఐ డిడ్‌న్ట్ లైక్ ద టైమింగ్స్, సో ఐ స్టాప్. దెన్ ఐ అప్లై ఫర్ ఎ జాబ్ ఇన్ గుంటూరు. ఐ వాజ్ సెలెక్ట్ ఇన్ జూన్. సిన్స్ దెన్ ఐ హ్యావ్ లర్న్ ఎ లాట్. మై పేరెంట్స్ ఆర్ ప్లీజ్.”

జవాబులు: వర్క్‌కు ట్, తర్వాతి ‘ఇన్’తో కలపాలి. లైక్ అలాగే ఉంటుంది, ముందు డిడ్‌న్ట్ ఉంది. స్టాప్‌కు ట్, స్పెల్లింగ్‌లో రెండు పి-లు. అప్లైకి డ్, వై పోయి ఐ-ఇ-డి. సెలెక్ట్‌కు ఇడ్, నన్ను వాళ్లు ఎంపిక చేశారు కాబట్టి వాజ్ అలాగే ఉంచాలి. ప్లీజ్ చివరి శబ్దం గొంతులో అదురుతుంది కాబట్టి డ్. లర్న్‌కు డ్, బ్రిటిష్ పద్ధతిలో ఇ-డి బదులు టి ఒక్కటే పెట్టి లర్న్ట్ అని రాసినా తప్పు కాదు.